హెచ్‌ఐవీ పరీక్ష: ఊరికొచ్చే వ్యాన్ మేలా, పట్నం ఆసుపత్రి మేలా?

2021 అంచనాల ప్రకారం దేశంలో పెద్దవాళ్లలో హెచ్‌ఐవీ 0.21 శాతం. ఆంధ్రప్రదేశ్‌లో 0.67 శాతం. ఇంత తేడా ఉన్నచోట పల్లెవాళ్లకు పరీక్ష ఎలా అందాలన్నది చిన్న విషయం కాదు.

ఆసుపత్రిలోని ఐసీటీసీలో, అంటే సలహా ఇచ్చి హెచ్‌ఐవీ పరీక్ష చేసే ప్రభుత్వ కేంద్రంలో, పరీక్ష ఉచితం. అక్కడ మనల్ని గుర్తుపట్టేవాళ్లు తక్కువ. పాజిటివ్ అని చెప్పేముందు వేర్వేరు కిట్లతో మూడుసార్లు సరిచూస్తారు. కానీ కూలికి వెళ్లే మనిషికి ఆ రోజు కూలి పోతుంది, బస్సు ఛార్జీలు అదనం. ఒంట్లో బాగానే ఉన్నప్పుడు అంత ఖర్చు పెట్టుకుని ఎవరు వెళ్తారు? అందుకే చాలామంది టీబీ లాంటిది ముదిరాకే అక్కడికి చేరతారు. అప్పటికే ఆలస్యమైపోతుంది.

వ్యాన్ ఈ దూరాన్ని తీసేస్తుంది. అందులో కౌన్సెలర్, ల్యాబ్ టెక్నీషియన్, ఏఎన్ఎం ఉంటారు. మాట్లాడటానికి విడిగా కొంచెం చోటు, పరీక్షకు కొంచెం చోటు ఉంటాయి. అయితే ఆ బండి రచ్చబండ పక్కన ఆగితే ఎవరు ఎక్కారు, ఎంతసేపు లోపల ఉన్నారు, ఏ ముఖంతో దిగారు అన్నది ఊరంతా చూస్తుంది. 'ఎయిడ్స్ బండి' అని ఒకసారి పేరు పడిందంటే ఇక దాని దగ్గరికి ఎవరూ రారు. అదే బండిలో బీపీ, షుగర్, టీబీ కూడా చూస్తే ఎక్కినవాళ్ల మీద అనుమానం పుట్టదు. నా దృష్టిలో వ్యాన్ విలువ నిలబడేది, పోయేది ఇక్కడే. వేళ కూడా ముఖ్యం. పొద్దున పదకొండింటికి వస్తే పొలం వెళ్లినవాళ్లు దొరకరు. సాయంత్రం రావాలి. వలస వెళ్లినవాళ్లు ఇంటికి చేరే సంక్రాంతి రోజుల్లో తప్పకుండా రావాలి.

మూడో దారి, ఇంటి దగ్గరే వేలిమీద సూది గుచ్చి ఒక చుక్క రక్తంతో చేసే పరీక్ష. గర్భిణులకు, హెచ్‌ఐవీ ఉన్న తల్లిదండ్రుల పిల్లలకు ఇది చాలా ఉపయోగం. అందులో తేడా కనిపించినంత మాత్రాన హెచ్‌ఐవీ ఉన్నట్టు కాదు, ఐసీటీసీలో నిర్ధారించుకోవాలి. నాకున్న భయమల్లా గుట్టు గురించే. పరీక్ష చేసే మనిషి మన ఊరివాళ్లే, ఒక్కోసారి చుట్టాలే. అత్త ఎదురుగా కూర్చున్నప్పుడు కోడలు 'వద్దు' అనగలదా? మనిషి ఒప్పుకోకుండా పరీక్ష చేయకూడదని, ఫలితం బయటపెట్టకూడదని 2017 నాటి హెచ్‌ఐవీ, ఎయిడ్స్ చట్టం చెబుతోంది. నాలుగు గోడల మధ్య దాన్ని కాపాడటం కష్టం.

ఆఫ్రికాలోని లెసోతో పల్లెల్లో ఇంటి దగ్గర పరీక్షనీ, వ్యాన్ లాంటి సంచార క్లినిక్‌నీ పక్కపక్కన పెట్టి చూశారు. ఇంటింటికీ వెళ్తే ఎక్కువమంది, ముఖ్యంగా పిల్లలు, పరీక్షకు వచ్చారు. కొత్త కేసులు ఎక్కువగా దొరికింది మాత్రం సంచార క్లినిక్‌లో. ఆ తర్వాత చికిత్సకు చేరినవాళ్లు రెండు చోట్లా తక్కువే.

కాబట్టి నా ఓటు వ్యాన్‌కే. గర్భిణులకు మాత్రం వ్యాన్ కోసం ఆగకుండా మొదటి నెలల్లోనే పీహెచ్‌సీలో పరీక్ష జరగాలి. మందులు వాడకపోతే తల్లి నుంచి బిడ్డకు సోకే ముప్పు 15 నుంచి 45 శాతం, సరిగ్గా వాడితే 5 శాతం లోపే.

వ్యాన్‌కు రెండు షరతులు పెడతాను. పాజిటివ్ వచ్చిన మనిషి చేతిలో చీటీ పెట్టి పంపేయకూడదు. ఒప్పుకుంటే లింక్ వర్కర్ (ఊళ్లో హెచ్‌ఐవీ సేవలకు సాయపడే కార్యకర్త) తోడుగా వెళ్లి, హెచ్‌ఐవీ మందులిచ్చే ఏఆర్‌టీ కేంద్రంలో పేరు రాయించాలి. 2017 నుంచి ఎవరికైనా నిర్ధారణ కాగానే మందులు మొదలుపెడుతున్నారు కాబట్టి ఆగాల్సిన పని లేదు. రెండోది, సోకిన కొత్తలో పరీక్షకు దొరకకపోవచ్చు, మూడు నెలల దాకా పట్టవచ్చు. అందుకే ఒక్కసారి వచ్చి పోయే వ్యాన్ చాలదు. మూడు నెలలకోసారి, ముందే చెప్పిన తేదీకి, అదే ఊరికి మళ్లీ రావాలి. ఈలోపు సందేహాలుంటే ఎయిడ్స్ హెల్ప్‌లైన్ 1097కి ఉచితంగా ఫోన్ చేయొచ్చు.