చివరి అక్షరం మింగేసే పుష్ టు టాక్

బోరు మోటార్లు ఎత్తడం, దించడం, రిపేరు చేయడం మా పని. అనంతపురం కేంద్రంగా మూడు బండ్లు, పదకొండు మంది. ఒక టెలికాం సంస్థ తన సిమ్‌లపై ఇచ్చే పుష్ టు టాక్ సేవను రెండేళ్లుగా వాడుతున్నాం. వాకీటాకీలాగే బటన్ నొక్కి పట్టి మాట్లాడితే, అవతలివారు ఫోను ఎత్తకుండానే మన మాట వినిపిస్తుంది. వేలు తీస్తే మాట ఆగుతుంది. నాకు పట్టింపు ఉన్నది ఒక్కదానిమీదే: బటన్ మీది నుంచి వేలు తీసే క్షణం.

ముందుగా వాకీటాకీలు చూశాం. ఒక బండి గార్లదిన్నెలో, ఇంకొకటి కళ్యాణదుర్గంలో ఉంటే లైసెన్సు అక్కరలేని ఆ చిన్న సెట్లు అంత దూరం అందవు. విడిగా దొరికే యాప్ ఒకటి నెల రోజులు వాడాం. బ్యాటరీ మిగల్చడానికి ఫోను దాన్ని నిద్రపుచ్చేది, అవసరానికి పలికేది కాదు. చివరికి టెలికాం సంస్థ సేవనే తీసుకున్నాం. చేతులకు గ్రీజు ఉన్నా ఫోను ఎత్తనవసరం లేకుండా జేబులోంచే మాట వినిపించడం మొదటి నెలలో నాకు వరంలా తోచింది. ఎదురైన ప్రతివారికీ తీసుకోమని చెప్పాను.

నిరుటి వేసవిలో పెనకచర్ల డ్యాం దగ్గర ఒక చీనీ తోటలో మోటారు దించుతున్నాం. స్టార్టర్ బోరు పక్కనే ఉంది. మెయిన్ ఫ్యూజులు మాత్రం తోట చివర షెడ్డులో ఉన్నాయి. అక్కడ మా కుర్రవాడిని నిలబెట్టాం. బోరు దగ్గర పెద్ద మేస్త్రీ కేబుల్ జాయింటు చుడుతున్నారు. త్రీఫేజ్ కరెంటు వచ్చే వేళయింది. నేను బటన్ నొక్కి, "ఫ్యూజులు వేయకు" అన్నాను. అరనిమిషంలో స్టార్టర్ మీద ఎర్ర బల్బు వెలిగింది. అంటే కుర్రవాడు ఫ్యూజులు వేసేశాడు, కరెంటు స్టార్టర్ దాకా వచ్చేసింది.

స్టార్టర్ ఆఫ్‌లో ఉంది కాబట్టి కేబుల్‌లోకి కరెంటు రాలేదు. కరెంటు రాగానే దానంతటదే మోటారును నడిపే 'ఆటో' స్థితిలో దానిని వదిలి ఉంటే మేస్త్రీ చేతిలో ఉన్న తీగలు ఏమయ్యేవో తలచుకుంటే నాకు ఇప్పటికీ నిద్ర పట్టదు. షెడ్డు వైపు పరుగెత్తి కుర్రవాడిమీద అరిచాను. వాడు బెదిరిపోయి, "వేయమన్నారు కదన్నా" అన్నాడు. పాత మాటలను మళ్లీ వినే సదుపాయం ఈ సేవలో ఉంది. అంతవరకు నేను దాన్ని ముట్టుకోలేదు. తెరిచి వింటే నా గొంతు స్పష్టంగా వినిపించింది: "ఫ్యూజులు వేయ". అంతే. చివరి 'కు' లేదు. మాట పూర్తికాకముందే నా వేలు లేచిపోయింది. వాడిది తప్పు కాదని ఆ రికార్డింగే తేల్చింది. అందరి ముందు అరిచాను కాబట్టి అందరి ముందే వాడికి క్షమాపణ చెప్పాను.

నేర్పించడానికి వచ్చినవారు బటన్ నొక్కాక 'బీప్' వినిపించేదాకా ఆగమని పదేపదే చెప్పారు. అలా చేస్తే మాట మొదలు తెగదు. చివర తెగుతుందని మాత్రం ఎవరూ చెప్పలేదు. ఇంగ్లీషులో 'డోంట్' ముందే వస్తుంది. మనకు వద్దనడం, కాదనడం క్రియ చివరన ఉంటాయి. ఒక్క అక్షరం రాలిపోతే 'వేయకు' అన్నది 'వేయి' అన్నట్టు వినిపిస్తుంది. భుజానికి తగిలించుకునే బ్లూటూత్ మైకుతో ఈ తెగడం ఇంకా ఎక్కువని మా అనుభవం. అందుకే వైరు ఉన్న మైకులకు మారాం. వేయకు, తిప్పకు, లాగకు అనే మాటలను పనిలో మానేశాం. "ఆగు" అంటే ఆగాలి, "కానివ్వు" అంటేనే చేయాలి. విన్నవాడు తిరిగి చెప్పేదాకా చేయి కదలకూడదు.

ఇంకొక మార్పు కూడా చేశాం. ఇద్దరు ఒకేసారి నొక్కితే ఎవరి మాట వెళ్లాలో ముందే నిర్ణయించుకోవచ్చు. యజమానినని ఆ అధికారం మొదట నాకే పెట్టుకున్నాను. ఇప్పుడది బోరు దగ్గర నిలబడే మేస్త్రీది. నేను మాట్లాడుతున్నా ఆయన నా మాటను ఆపి మాట్లాడగలరు.

మొదట్లో ఎదురైన ప్రతివారికీ తీసుకోమని చెప్పానన్నాను. ఇప్పుడు ముందుగా మీ ఊళ్లు ఏవని అడుగుతున్నాను. బొమ్మనహాళ్, డి.హీరేహాళ్ వైపు వెళితే మా ఫోన్లు బళ్లారి టవర్లను పట్టుకుంటాయి. అక్కడ 'బీప్' కోసం చాలాసేపు ఆగాల్సి వచ్చిన రోజులున్నాయి. డేటా అందని చోట ఈ సేవ అసలే పనిచేయదు. పదకొండు మందీ ఒకే సంస్థ సిమ్ పెట్టుకోవాలి కాబట్టి ఆ సంస్థ టవరు లేని పల్లెలో ఇంకో దారి ఉండదు.

మాకు పని ఎక్కువగా గార్లదిన్నె, శింగనమల వైపే ఉంటుంది, అక్కడ సిగ్నల్ బాగుంది. వచ్చే నెల ఈ సేవ గడువు ముగిశాక రెండు బండ్లకు దీన్నే కొనసాగిస్తాను. బొమ్మనహాళ్ వెళ్లే బండికి మాత్రం రెండు సిమ్‌ల ఫోను ఇచ్చి, మామూలు కాల్ చేసుకోమని చెప్పాను.