జెడ్‌ఎంవీ: చెప్పింది చేయనన్నందుకే నచ్చింది

ఒడిశాలోని పర్లాకిమిడిలో మాకు ఫొటో స్టూడియో ఉంది. పని సగం ఇక్కడ, సగం సరిహద్దు దాటి పాతపట్నంలో. ముహూర్తాలు మొదలైతే వందల ఫైళ్లు కాపీ చేసి పేర్లు మార్చడమే పని. దానికి చాన్నాళ్లుగా జెడ్‌ఎంవీ (zmv) వాడుతున్నాను. ఆదేశాలు టైపు చేసి పని చేయించుకునే జెడ్ షెల్ (zsh) అనే ప్రోగ్రామ్‌తో వస్తుంది, బోలెడు ఫైళ్ల పేర్లు ఒకేసారి మారుస్తుంది, కాపీ కూడా చేస్తుంది. ఏ ఫైళ్లో చెప్పడానికి అందులో వాడే స్టార్ గుర్తు, బ్రాకెట్ల జోలికి ఇక్కడ పోను. నాకు నచ్చింది దాని మొండితనం.

ఒక పెళ్లికి మగపెళ్లివారు బరంపురం నుంచి తమ ఫొటోగ్రాఫర్‌ని తెచ్చుకున్నారు. ఆయన కెమెరా, మాదీ ఒకే కంపెనీవి. ఫైలు నంబరుకి నాలుగు అంకెలే కదా, 9999 దాటితే మళ్లీ 0001. ఆ రోజు రెండింటి నంబర్లూ చాలావరకు కలిసిపోయాయి. రెండు మెమరీ కార్డుల ఫొటోలూ ‘పెళ్లి’ అనే పేరు, పక్కన నంబరుతో ఒకే ఫోల్డర్‌లోకి కాపీ చేయమన్నాను. ఇలాంటి చోట మామూలు కాపీ ఆదేశం సీపీని (cp) ఒక్కో ఫైలు మీదా వరసగా నడిపితే కిక్కురుమనదు, జీలకర్ర బెల్లం ఫొటో మీద భోజనాల ఫొటో ఎక్కించేసి పోతుంది. జెడ్‌ఎంవీ ఒక్క ఫైలూ ముట్టుకోలేదు. ఫలానాదీ ఫలానాదీ ఒకే పేరుకి వస్తున్నాయని జాబితా చూపించి ఆగిపోయింది. అంటే పని మొదలుపెట్టకముందే కొత్త పేర్లన్నీ సరిచూసుకుంటుందన్నమాట. సగంలో ఆగితే ఏవి మారాయో ఏవి మారలేదో వెతుక్కోవడం ఎంత టెన్షనో ఈ పనిలో ఉన్నవాళ్లకి చెప్పక్కర్లేదు. పేరులో కెమెరాకి ఒక అక్షరం చేర్చి మళ్లీ కొట్టాను, అయిపోయింది.

అయితే ఆ మొండితనమే ఒక్కోసారి విసిగిస్తుంది. ఆల్బమ్ మధ్యలో ఒక ఫొటో ఇరికించాలి, తర్వాతి నంబర్లన్నీ ఒకటి చొప్పున జరపాలి అనుకోండి. 12ని 13 చేయమంటే ‘13 ఉందిగా’ అంటుంది. ఆ 13 కూడా 14కి వెళ్లిపోతోందని పట్టించుకోదు. అడ్డు చెప్పకుండా చేసేయమని మైనస్ ఎఫ్ (-f) పెడితే ఆ కాపలా పోతుంది, దానితో పాటు పాత 13 కూడా పోతుంది. అందుకని వేరే ఫోల్డర్‌లోకి కొత్త నంబర్లతో పంపి వెనక్కి తెచ్చుకుంటాను. పైగా ఒక్కో ఫైలుకీ విడిగా, పేరు మార్చే మామూలు ఆదేశం ఎంవీని (mv) పిలుస్తుంది కాబట్టి, మా పాత సిస్టమ్‌లో వేల ఫైళ్లంటే నెమ్మదే.

మౌస్ వదలని మా కుర్రాడికి మాత్రం ఇది ఇవ్వను. రోజూ షెల్‌లో ఉండేవాళ్లు, నాలాగా రెండు మూడు కార్డులు కలిపేవాళ్లు దీన్ని ఆటోలోడ్ చేసుకుని, అంటే ముందుగా షెల్‌లోకి ఎక్కించుకుని చూడొచ్చు. ఎప్పుడో పది ఫైళ్లకైతే బ్యాష్ అనే మరో షెల్‌లోనే ఎంవీకి మైనస్ ఐ (-i) పెట్టుకోండి, ఆ పేరుతో ఫైలు ఉంటే అడుగుతుంది. పదింటికి ఆ మాత్రం ఓపిక ఉంటుంది.