చందా, అమ్మకం, సొంత సంపాదన: క్రైస్తవ ప్రచురణ సంస్థకు ఏది మేలు?

క్రైస్తవ పుస్తకాలు అచ్చువేసే ధర్మసంస్థ ఏదైనా సరే, దాని వార్షిక నివేదిక చేతికి రాగానే నేను ముందు తిప్పేది చివరి పేజీలు. సాక్ష్యాలూ ఫొటోలూ ముందుంటాయి, జమాఖర్చులు వెనకుంటాయి. అక్కడ రెండే చూస్తాను. చందాగా వచ్చిన డబ్బు ఏ పద్దులో పడింది? కింద సంతకాలు పెట్టినవాళ్లను ఎవరు ఎన్నుకున్నారు?

ఈ ప్రశ్నలకు మూడు రకాల జవాబులు రెండు శతాబ్దాల కిందటే దొరికాయి. 1799లో లండన్‌లో రిలీజియస్ ట్రాక్ట్ సొసైటీ, అంటే మత కరపత్రాల సంఘం, పుట్టింది. 1800లో, బెంగాల్‌లో డేన్‌ల ఏలుబడిలో ఉన్న శ్రీరాంపూర్‌లో మిషన్ ప్రెస్ మొదలైంది. 1804లో మళ్లీ లండన్‌లోనే బ్రిటిష్ అండ్ ఫారిన్ బైబిల్ సొసైటీ వెలిసింది. మూడూ అచ్చుపనే చేశాయి గాని, డబ్బు దగ్గర, పెత్తనం దగ్గర మూడు దారులు తొక్కాయి.

మనసు లాగేది శ్రీరాంపూరే. ఇంగ్లండ్ నుంచి వచ్చిన మిషనరీలు విలియం కేరీ, జాషువా మార్ష్‌మన్, విలియం వార్డ్ ఉమ్మడి కుటుంబంలా బతికి, సంపాదనంతా ఒకే పెట్టెలో వేశారు. కలకత్తాలోని ఫోర్ట్ విలియం కళాశాలలో పాఠాలు చెప్పే కేరీకి మొదట నెలకు 500 రూపాయల జీతం, తరువాత 1,000. మార్ష్‌మన్ దంపతుల బోర్డింగ్ స్కూలు ఫీజులు, వార్డ్ చూసే ప్రెస్సు రాబడి వీటికి తోడు. ఇంటి ఖర్చుకు కాస్త ఉంచుకుని మిగిలినదంతా మిషన్ పనికే పెట్టారు. ఎవరూ సొంతానికి కూడబెట్టకూడదని 1805లో ఒడంబడిక రాసుకున్నారు. తెలుగు క్రొత్త నిబంధన 1818లో అచ్చయింది ఈ ప్రెస్సులోనే.

ఇంత నిజాయితీ ఉన్నచోట లెక్కలు ఎవరడుగుతారు? అడగాల్సిన రోజు రానే వచ్చింది. వీళ్లను పంపిన ఇంగ్లండ్ మాతృసంస్థ బాప్టిస్ట్ మిషనరీ సొసైటీ. వీళ్లను నమ్మి నిలిచిన దాని కార్యదర్శి ఆండ్రూ ఫుల్లర్ 1815లో చనిపోయారు. తరువాత వచ్చిన కమిటీ, శ్రీరాంపూర్ ఆస్తులు ఎవరి చేతిలో ఉన్నాయని అడిగింది. మా కష్టార్జితంతో కొన్నాం, మిషన్ పేరుతోనే ఉంచాం, కాని నడిపేది మేమే అన్నారు శ్రీరాంపూర్ వారు. మా మిషనరీలు సంపాదించినది మా అజమాయిషీలో ఉండాలి అంది కమిటీ. చదివిన కొద్దీ ఇద్దరిదీ న్యాయమే అనిపిస్తుంది, చిక్కంతా అక్కడే. సంపాదించినవాళ్లే ట్రస్టీలు, ట్రస్టీలే మేనేజర్లు. వాళ్ల లెక్క సరైనదేనని చెప్పగల మూడో మనిషి ఎక్కడా లేడు. దాచుకుంటున్నారన్న అనుమానం పుట్టాక, ఎంత చిరిగిన కోటు వేసుకున్నా అది పోదు. 1827లో తెగతెంపులయ్యాయి.

రాబడి కూడా మనుషులకే ముడిపడి ఉంది. 1823లో వార్డ్ పోయారు. 1830ల మొదట్లో కలకత్తా ఏజెన్సీ హౌసులు, అంటే బ్యాంకుల్లా డబ్బు దాచుకునే వ్యాపార సంస్థలు, వరుసగా దివాలా తీస్తే, వాటిలో దాచిన శ్రీరాంపూర్ నిధులూ మునిగాయి. 1837లో మాతృసంస్థతో మళ్లీ కలవక తప్పలేదు. ఇంకో మాట కూడా చెప్పాలి. 1812 మార్చి 11న ప్రెస్సు తగలబడి కాగితం, టైపు, రాతప్రతులు బూడిదైనప్పుడు, నష్టం పూడ్చింది బ్రిటన్ చందాదారులే. చేయి చాచనక్కర్లేదనుకున్న సంస్థకూ అగ్గి పడ్డ రోజున అక్కరకొచ్చింది చందాయే.

బైబిల్ సొసైటీ దీనికి పూర్తిగా ఎదురు. కమిటీలో 36 మంది, అందరూ పాదిరులు కానివాళ్లే. 15 మంది చర్చ్ ఆఫ్ ఇంగ్లండ్ వారు, 15 మంది ఇతర శాఖల వారు, 6 మంది విదేశీయులు. కోశాధికారి హెన్రీ థార్న్‌టన్, వృత్తిరీత్యా బ్యాంకరు. ఏడాదికి ఒక గినీ (21 షిల్లింగులు) ఇచ్చినవారు సభ్యులు. అడుగున పేదల సంఘాలు ఉండేవి. చందా వసూలుచేసే స్త్రీలు పుస్తకం పట్టుకుని ఇంటింటికీ వారం వారం తిరిగి ఒక్కో పెన్నీ రాసుకునేవారు. ఆ పెన్నీలు బైబిలు ధరకు చేరగానే బైబిలు ఇంటికి వచ్చేది. ఊరికే ఇస్తే విలువ తెలియదని వాళ్ల నమ్మకం.

ఇంతమందిని లోపలికి రానిస్తే రచ్చ తప్పదు. యూరప్‌కు పంపే బైబిళ్లలో అపోక్రిఫా గ్రంథాలు (ప్రొటెస్టెంట్లు బైబిలు భాగంగా ఒప్పుకోనివి) కూడా మన చందాతో అచ్చవుతున్నాయా అని స్కాట్లండ్ సభ్యులు నిలదీశారు. 1826లో సొసైటీ ఆ పద్ధతి మానుకున్నా, ఎడింబరో, గ్లాస్గో శాఖలు విడిపోయాయి. 1831లో ఎగ్జెటర్ హాల్ సర్వసభ్య సమావేశంలో సిద్ధాంతం మీద గొడవపడి ఓడినవాళ్లు ట్రినిటేరియన్ బైబిల్ సొసైటీ పెట్టుకున్నారు. పెద్దమనుషులకు ఇది తలవంపుగా తోచవచ్చు. నాకు మాత్రం ఇది ఆరోగ్యంగానే కనిపిస్తుంది. గుట్టుగా కుళ్లడం కంటే బయటపడి పోట్లాడుకోవడం నయం కదా.

ట్రాక్ట్ సొసైటీ కమిటీలోనూ చర్చ్ ఆఫ్ ఇంగ్లండ్ వారు, ఇతరులు ఉండేవారు. కాని దాని అసలు తెలివి పద్దుల్లో ఉంది. అమ్మకాలకో ఖాతా, ధర్మానికో ఖాతా. అచ్చు, జీతాలు, గోదాము ఖర్చులన్నీ అమ్మకాల లాభం భరించాలి. చందా ఉచిత కరపత్రాలకు, విదేశాలకు పంపే సాయానికి మాత్రమే. నా రూపాయిలో ఆఫీసు ఖర్చు ఎంత పోతుంది అని దాత అడిగితే ఏమీ పోదని చెప్పగలగడం చిన్న విషయం కాదు. ఇప్పటి సంస్థల్లో ఆ జవాబు చెప్పగలిగేవి అరుదు.

దీనికీ లొసుగు ఉంది. అమ్మకం ఇల్లు నడుపుతున్నప్పుడు, ఏది అచ్చువేయాలో అంగడి చెప్పడం మొదలుపెడుతుంది. ఈ సొసైటీ 1879లో మొదలుపెట్టిన బాలుర వారపత్రిక, బాయ్స్ ఓన్ పేపర్, సాహస కథలతో నిండి ఉండేది. కరపత్రాల సంఘానికి ఇదేం పని అని గొణిగితే తప్పుపట్టలేం. పైగా అమ్మితే అది వ్యాపారమే. మతగ్రంథాల అమ్మకం మీద పన్ను వేయవచ్చని 1990లో అమెరికా సుప్రీంకోర్టు తేల్చిచెప్పింది.

పెత్తనం విషయంలో మరో ఉదాహరణ కావాలంటే, 1698లో ఇంగ్లండ్‌లో పుట్టిన ఎస్‌పీసీకేను (క్రైస్తవ జ్ఞాన వ్యాప్తి సంఘం) చూడండి. 2006లో తన పుస్తక దుకాణాలను వేరే ట్రస్టుకు అప్పగించింది. కొన్నేళ్లకే అవి మూతపడ్డాయి, ధర్మసంస్థలను పర్యవేక్షించే ప్రభుత్వ చారిటీ కమిషన్ కలగజేసుకోవలసి వచ్చింది. దుకాణం చేతులు మారేటప్పుడు సరుకును, అద్దెలను లెక్కపెడతారు. అవతలి బోర్డులో ఎవరు కూర్చుంటారు, వాళ్లను దించగలిగేవారు ఎవరు అన్నది కూడా ఆ కాగితాల్లో చదవాలి.

కాబట్టి పద్దులు ట్రాక్ట్ సొసైటీవి, కమిటీ బైబిల్ సొసైటీది అంటాను. రెండూ కుదరని చిన్న సంస్థ అయితే ముందు ఖాతాలు విడదీయాలి, ఎన్నికలు తరువాత పెట్టుకోవచ్చు. ఒకే బ్యాంకు ఖాతాలో చందా, అమ్మకం కలిసిపోయాక ఎంత మంచి కమిటీ అయినా వాటిని విడదీయలేదు. శ్రీరాంపూర్ దారి అసలు వద్దని మాత్రం అనలేను. ముగ్గురు నలుగురు కలిసి, తమ జీతాలతోనే మొదలుపెట్టే రోజుల్లో అంతకంటే చవకైనది లేదు. అయితే మొదటి ఏడాదిలోనే, ముగ్గురూ స్నేహంగా ఉన్నప్పుడే, బయటి ఆడిటరును పిలిచి ఆస్తి ఎవరి పేరున ఉందో రాయించుకోవాలి. కేరీ, మార్ష్‌మన్, వార్డ్ అంతటివారికే ఆ కాగితం కరువై పన్నెండేళ్లు ఉత్తరాలు రాసుకోవలసి వచ్చింది.