ఐదు రోజుల టీ-గ్రూప్ ల్యాబ్: స్టార్టప్ ఫౌండర్‌కు గిట్టుబాటేనా?

ఫీజు కట్టి, ఆఫీసు వదిలేసి, ముక్కూమొహం తెలియని పదిమందితో గుండ్రంగా వేసిన కుర్చీల్లో ఐదు రోజులు కూర్చోవాలి. ఎజెండా లేదు, స్లైడ్లు లేవు. గ్రూప్‌ను నడిపించే ఫెసిలిటేటర్లు ఇద్దరుంటారు గానీ మొదటి అరగంట వాళ్లూ నోరు విప్పకపోవచ్చు. టీ-గ్రూప్ (టీ అంటే ట్రైనింగ్) ల్యాబ్ అంటే ఇంతే: మన తీరు ఎదుటివాళ్లకు ఎలా తగులుతోందో అక్కడికక్కడే వాళ్ల నోటే విని నేర్చుకోవడం. మన దేశంలో 1970ల నుంచి వీటిని నడుపుతున్నది ఇసాబ్స్ (ఇండియన్ సొసైటీ ఫర్ అప్లైడ్ బిహేవియరల్ సైన్స్) అనే సంస్థ. కొత్తవాళ్లకు అక్కడ బేసిక్ ల్యాబ్ ఉంటుంది. స్టాన్‌ఫర్డ్ బిజినెస్ స్కూల్ విద్యార్థులు 'టచీ ఫీలీ' అని ముద్దుగా పిలుచుకునే కోర్సుకూ పునాది ఈ పద్ధతే.

ఇది పుట్టిన తీరు తెలిస్తే ఆ ఖాళీ గది ఎందుకో అర్థమవుతుంది. 1946లో అమెరికాలోని కనెక్టికట్‌లో మనస్తత్వ శాస్త్రవేత్త కర్ట్ లెవిన్ బృందం ఒక శిక్షణ శిబిరం పెట్టింది. పగలు పాఠాలు. రాత్రి పరిశోధకులు కూర్చుని, ఆ రోజు ఎవరెలా ప్రవర్తించారో మాట్లాడుకునేవారు. ఒక రాత్రి శిక్షణకు వచ్చినవాళ్లు కొందరు ఆ మాటలు వినడానికి కూర్చున్నారు. తన గురించి చెబుతున్నది విని ఒకావిడ, జరిగింది అలా కాదని అడ్డుతగిలింది. పగటి పాఠాలకన్నా ఆ వాదులాటలోనే ఎక్కువ సరుకుందని అందరికీ తెలిసొచ్చింది. మరుసటేడు నుంచి దాన్నే శిక్షణగా మార్చారు.

మన వ్యాపారులకు మనస్తత్వ శిక్షణ కొత్త కాదు. 1964లో హార్వర్డ్ ప్రొఫెసర్ డేవిడ్ మెక్‌క్లెలాండ్ బృందం కాకినాడ వ్యాపారులకు హైదరాబాద్‌లోని చిన్న పరిశ్రమల శిక్షణ సంస్థ సియెట్‌లో (నేటి యూసఫ్‌గూడ ఎన్‌ఐ-ఎమ్‌ఎస్‌ఎమ్‌ఈ) శిక్షణ ఇప్పించింది. అక్కడ పెంచాలనుకున్నది సాధించాలన్న తపన. ఇప్పటి ఫౌండర్లకు ఆ తపన కొంచెం ఎక్కువే. తమ మాట ఎదుటివాళ్ల మీద ఎలా పడుతోందో చూసుకునే తీరికే ఉండదు. ల్యాబ్ అమ్మే సరుకు ఆ చూపొక్కటే, దాన్ని నాణ్యంగానే ఇస్తుంది.

అసలు పాఠం ఇలా ఉంటుంది. సోమవారం మీటింగ్‌లో రిలీజ్ ఎందుకు ఆలస్యమైందో టెక్ హెడ్ చెబుతున్నాడు. ఫౌండర్ రెండుసార్లు ఫోన్ చూశాడు. ఇన్వెస్టర్ మెసేజ్ వచ్చిందన్నది ఫౌండర్‌కే తెలుసు. ఫోన్ చూడటం ఇద్దరికీ కనిపించింది. మనసు చివుక్కుమన్నది టెక్ హెడ్‌కే తెలుసు. ఉద్దేశం, ప్రవర్తన, ప్రభావం: ఈ మూడూ ఏ ఒక్కరి చేతిలోనూ ఉండవు. 'మా పనంటే మీకు లెక్కలేదు' అన్నాడంటే, తనకు తెలియని ఉద్దేశాన్ని అంటగట్టినట్టు. ఇక మిగిలేది గొడవే. 'నేను చెబుతుంటే రెండుసార్లు ఫోన్ చూశారండీ, మనసు చివుక్కుమంది, మిగతాది చెప్పలేదు' అంటే ఫౌండర్ కాదనడానికి ఏమీ ఉండదు. వినడానికి తేలిక, నోట్లోంచి రావడానికి మూడు రోజులు పడుతుంది.

ఇక్కడ తెలుగువాళ్లకు ఒక చిక్కుంది. 'మీకు అహంకారమని నాకనిపిస్తోంది' అనేసి, మనసులో మాట చెప్పేశామనుకుంటారు. 'అని' తర్వాత 'అనిపిస్తోంది' వస్తే అది చాలావరకు అభిప్రాయమే, తీర్పే. భయమేసింది, చిరాకేసింది, సిగ్గేసింది, బాధేసింది... అనుభూతులంటే ఇవి. సెషన్లు ఎక్కువగా ఇంగ్లీషులోనే నడుస్తాయి కాబట్టి, మాట అందనప్పుడు ముందు తెలుగులో అనేసుకుని తర్వాత వివరించడం మేలు.

ఫౌండర్లు ఎక్కడ చెడగొట్టుకుంటారంటే, మొదటిరోజు ఆ మౌనం భరించలేక 'ఒక్కొక్కరం పరిచయం చేసుకుందాం, ఒక్కొక్కరికి రెండు నిమిషాలు' అని పెత్తనం తీసుకుంటారు. ఎవరైనా బాధ చెప్పుకుంటే వెంటనే పరిష్కారం అందిస్తారు. రెండోరోజుకల్లా గ్రూప్‌కు ఒళ్లు మండి ఆ మాట మొహానే చెబుతుంది. కట్టిన ఫీజుకు ఫలితం దక్కేది అక్కడే. అప్పుడు వాదించకుండా, 'ఏ మాట దగ్గర అలా అనిపించింది?' అని అడిగినవాడికే లాభం. టీ విరామంలో ఫోన్ పట్టుకుని ఆఫీసు నడిపేవాళ్లకు ఇదేదీ అంటదు.

లోపాలూ ఉన్నాయి. మనుషుల్ని చేర్చుకోవడం, తీసేయడం, పని అప్పగించడం, జీతాల మాట ఇక్కడ ఎవరూ నేర్పరు. వాటికి వేరే దారి చూసుకోవాలి. ఇది మానసిక చికిత్స కూడా కాదు. నిద్రపట్టని దిగులుతో ఉన్నవాళ్లు ముందు డాక్టర్‌ను కలవాలి. ఫలితం సగం ఫెసిలిటేటర్ మీదే ఆధారపడి ఉంటుంది.

పెద్ద ప్రమాదం తిరిగొచ్చాక. ల్యాబ్ వేడి తగ్గకముందే టీమ్‌ను గుండ్రంగా కూర్చోబెట్టి 'మనసు విప్పి మాట్లాడండి' అంటారు. ల్యాబ్‌లో అందరూ సమానం. ఆఫీసులో జీతం ఇచ్చేది మీరు. మొహమాటానికి నాలుగు తీపిమాటలు చెప్పి అందరూ లేచిపోతారు. దానికి బదులు వారానికోసారి ఒక్కొక్కరితో అరగంట, మొదటి పావుగంట వాళ్లదే. నెల తర్వాత ఒక్క ప్రశ్న: 'ఈ వారం నేను చేసిన ఏ పని మీకు అడ్డమైంది?' జవాబు రాసుకోవాలి, సమర్థించుకోకూడదు. వచ్చే వారం అందులో ఒకటి మారినట్టు కనబడాలి. మారకపోతే రెండోసారి ఎవరూ నిజం చెప్పరు.

పదిమంది దాటిన టీమ్, ఇద్దరు సీనియర్లు కారణం సరిగ్గా చెప్పకుండా వెళ్లిపోయిన కంపెనీ అయితే కళ్లు మూసుకుని వెళ్లొచ్చు. ఇద్దరు ముగ్గురే ఉన్న దశలో తొందరేం లేదు. ఫండ్‌రైజింగ్ మధ్యలో అస్సలు వద్దు. కో-ఫౌండర్‌తో కలిసి ఒకే గ్రూప్‌లో చేరకండి, ఇద్దరూ ఒకరినొకరు కాచుకుంటూ కూర్చుంటారు. డబ్బు కట్టేముందు గ్రూప్‌లో ఎంతమందో (పన్నెండు దాటితే వదిలేయండి), ఫెసిలిటేటర్లు ఎన్నేళ్లుగా చేస్తున్నారో, బస, భోజనం ఫీజులోనే ఉన్నాయో లేదో అడగాలి. ఇదే పేరుతో రెండు రోజుల్లో ముగించే వర్క్‌షాప్‌లు ఉన్నాయి. మర్యాదలు కరగడానికే ఒకటిన్నర రోజు పడుతుంది, ఆ లెక్కన అక్కడ మిగిలేది ఒక పూట.