మాఫుషిలో గ్రీన్ ట్యాక్స్ గొడవ

మాల్దీవులు వెళ్ళేవాళ్ళు గది అద్దె కంటే ముందు గ్రీన్ ట్యాక్స్ (పర్యావరణం పేరుతో టూరిస్టుల దగ్గర వసూలు చేసే పన్ను) లెక్క తెలుసుకోండి. 2025 జనవరి నుంచి రిసార్టుల్లో తలకి రాత్రికి 12 డాలర్లు. ఊళ్ళున్న దీవుల్లో, 50 గదుల్లోపు గెస్ట్‌హౌస్ అయితే 6. అలాంటి ఊరున్న దీవే మాఫుషి. అక్కడ మేం దిగినది మూడంతస్తుల చిన్న ఇల్లు, పది గదులుంటే ఎక్కువ. ఖాళీ చేసేటప్పుడు బిల్లు చూస్తే 12 లెక్కన వేశారు!

అడిగితే కౌంటర్ కుర్రాడు "గవర్నమెంట్ రేటు సార్" అన్నాడు. మా ఆవిడ "పోనిద్దురూ, పడవ వెళ్ళిపోతుంది" అని సణుగుడు. నేను కదల్లేదు. పన్ను శాఖ సైటు ఫోన్లో తెరిచి చూపిస్తే ఓనర్ని పిలిచాడు. ఆయన మారుమాట లేకుండా 12 కొట్టేసి పెన్నుతో 6 రాశాడు. సారీ మాత్రం లేదు.

పైగా తన గోడు మొదలుపెట్టాడు. ఇదివరకు 3 ఉండేదట, ఒకేసారి రెట్టింపు చేశారట. రాత్రికి వందల డాలర్లు పోసేవాడికి 12 ఒక లెక్కా, నా 55 డాలర్ల గదికి 6 అంటే బేరం పోదా అని. మాట నిజమే. అలాగని ఆ బరువు నా నెత్తినా?

స్నార్కెలింగ్‌కి తీసుకెళ్ళిన పడవాయన బాధ వేరు (మనిషికి 30 డాలర్లు, తాబేళ్ళు దగ్గరగా కనిపించాయి, దండగ కాదు). 2016లో నీళ్ళు వేడెక్కి చచ్చిన పగడాలు చూపించాడు, బూడిదరంగు కొమ్మల మీద నాచు. "నా లంగరు పగడానికి తగిలితే తప్పు. సముద్రం తవ్వి దీవులు పోస్తే అభివృద్ధి" అన్నాడు. పన్ను డబ్బు చెత్తకీ మురుగునీటికీ ఖర్చు పెడతారని చెబుతారు గానీ, తన కంటికి కనబడాలిగా అని ఆయన వాదన.

కనబడింది మాత్రం బంగ్లాదేశ్ కుర్రాడొకడు. తెల్లారకముందే బికినీ బీచ్‌లో (టూరిస్టులు ఈతదుస్తుల్లో తిరగడానికి కేటాయించిన తీరం) కొట్టుకొచ్చిన ప్లాస్టిక్ గోనెసంచిలో ఏరుతున్నాడు. పన్ను సంగతి అడిగితే నవ్వేసి, జీతం గురించి చెప్పుకొచ్చాడు. ఈ గొడవలో అతన్ని అడిగేవాడే లేడు.

రాజధాని మాలే నుంచి స్పీడ్‌బోట్ 25 డాలర్లు, ఇబ్బంది లేదు. తిండి బాగుంది. గది మాట్లాడుకునేటప్పుడే 17 శాతం టీజీఎస్‌టీ (టూరిజం మీద వేసే జీఎస్‌టీ), 10 శాతం సర్వీస్ చార్జీ, గ్రీన్ ట్యాక్స్ అన్నీ కలిపిన మొత్తం మెసేజ్‌లో రాయించుకోండి. రెండేళ్ళలోపు పిల్లలకి గ్రీన్ ట్యాక్స్ లేదు, అదీ కలిపేస్తారేమో చూసుకోండి.