పరిశుద్ధ గ్రంథము, పాత అనువాదం: కొనే ముందు తెరిచి చూడాల్సిన చోట్లు

బైబిల్ సొసైటీ ఆఫ్ ఇండియా వేసే ‘పరిశుద్ధ గ్రంథము’ పాత అనువాదం గుడిలో అందరూ కలిసి చదవడానికి, కంఠస్థం చేయడానికి సాటిలేనిది. ఆ సంగతి అందరికీ తెలుసు. ఇక్కడ చూసేది వేరు. వారంలో ఆరు రోజులు అవిశ్వాసుల మధ్య పనిచేసే మనిషి, పండగపూట పక్కింటివాళ్లు పళ్లెం పట్టుకొస్తే ఏం చేయాలా అని ఈ పుస్తకం తెరిస్తే దారి కనబడుతుందా? కనబడుతుంది. కాకపోతే కొన్ని మాటలకు ఈ వందేళ్లలో అర్థం మారిపోయింది. అవి చాలావరకు విధేయత గురించి చెప్పే వచనాల్లోనే ఉండడం మన దురదృష్టం.

రోమా 12:2 తీసుకోండి. ‘ఈ లోక మర్యాదను అనుసరింపక’ అంటుంది. అక్కడ మర్యాద అంటే లోకం తీరు, దాని పోకడ. ఇవాళ్టి చెవికి అది మన్నన. తోటివాళ్లతో ముభావంగా ఉండడమే భక్తి అనుకునేవాళ్లకు ఈ వచనం అనుకోని ఊతం. 1 పేతురు 2:17లో ‘అందరిని సన్మానించుడి’ అని ఉంటుంది. సన్మానం అనగానే మనకు శాలువా గుర్తొస్తుంది గానీ పేతురు చెప్పింది గౌరవించమని. అదే వచనంలో దేవునికి భయపడమని, రాజును సన్మానించమని విడివిడిగా చెప్పాడు. రాజుకు గౌరవం, భయం మాత్రం దేవునికే. ఆ తేడాను ఈ అనువాదం చక్కగా నిలబెట్టింది.

చిక్కు ‘లోబడు’ దగ్గర వస్తుంది. రోమా 13:1 పై అధికారులకు లోబడమంటుంది. అపొస్తలుల కార్యములు 5:29 ‘మనుష్యులకు కాదు దేవునికే మేము లోబడవలెను గదా’ అంటుంది. గ్రీకులో ఇవి రెండు వేర్వేరు క్రియలు. తెలుగులో ఒకటే కావడంతో వచనం మీద వచనం విసురుకునే వాదన మొదలవుతుంది. అపొస్తలుల కార్యములు 4, 5 అధ్యాయాలు ఒకేసారి చదివితే విషయం తేలిపోతుంది. యేసు పేరిట బోధించవద్దన్న ఒక్క ఆజ్ఞనే అపొస్తలులు కాదన్నారు. కొడితే దెబ్బలు తిన్నారు, తిరగబడలేదు.

రాజు భోజనం తిని అపవిత్రం కాకూడదని దానియేలు అనుకున్న దానియేలు 1:8లో ‘ఉద్దేశించి’ అన్న మాట ఇవాళ చప్పగా వినిపిస్తుంది. మూలంలో ఉన్నది గట్టి తీర్మానం. అదే వచనంలో ‘వేడుకొనగా’ అనీ ఉంది. ప్రసంగాల్లో తీర్మానం ఎంత వినిపిస్తుందో ఈ వేడుకోలు అంత వినిపించదు. దానియేలు నిరాహారదీక్షకు దిగలేదు. శాకధాన్యాదులు, నీళ్లు ఇప్పించి పది దినాలు పరీక్షించమని, పై అధికారికి మాట రాకుండా ఉండే దారి తానే చూపించాడు. ఆదివారం డ్యూటీ మార్చమని అడగాల్సినవాళ్లు ఆ అధ్యాయంలో 8 నుంచి 16 వచనాల వరకు ఆగి ఆగి చదవాలి.

ప్రసాదం సంగతికొస్తే, ఈ పుస్తకం విలువ తెలిసేది ఇక్కడే, తప్పుగా చదవడం కూడా ఇక్కడే. 1 కొరింథీయులకు 10:27 ప్రకారం, అవిశ్వాసి విందుకు పిలిస్తే వెళ్లాలనిపిస్తే వెళ్లవచ్చు, వడ్డించింది ఆరా తీయకుండా తినవచ్చు. 28 ప్రకారం, ఇది బలి అర్పించినదని ఎవరైనా చెబితే తినకూడదు. చాలామంది ఇక్కడితో ఆపేస్తారు. 29 చదివితే గానీ కారణం తెలియదు: ఆ మనస్సాక్షి నీది కాదు, ఎదుటివాడిది. కాబట్టి పెళ్లి భోజనంలో సాంబారు గురించి కూపీ లాగక్కర్లేదు. ‘ఇది స్వామి ప్రసాదమండీ’ అని చెప్పి ఇచ్చినప్పుడు మాత్రం చేతులు జోడించి వద్దనాలి. ఆ వద్దనడం ఎలా ఉండాలో 1 పేతురు 3:15లో ఉంది: ‘సాత్వికముతోను భయముతోను’. విగ్రహాల గురించి ఉపన్యాసం ఆ పూటకు అక్కర్లేదు. 1 కొరింథీయులకు ఎనిమిదో అధ్యాయం కూడా కలిపి చదవకపోతే ఇదంతా ఒట్టి తిండి నియమంలా మిగులుతుంది.

అదే 1 పేతురు 3:15లో ‘నిరీక్షణ’ ఉంది. సంఘంలో దానికి దేవుని మీద నిశ్చయమైన ఆశ అని అర్థం, బయట ఎదురుచూపు. సహోద్యోగి అడిగితే ఆ మాట వాడకండి, ఆశ అనో నమ్మకం అనో చెప్పండి. 2 కొరింథీయులకు 6:14లో ‘జోడుగా ఉండకుడి’ అన్నది కాడికి కట్టిన ఎడ్ల జోడు. దున్నేవాళ్లకు ఇట్టే తెలుస్తుంది. పట్నంలో దాన్ని పెళ్లి వరకే పరిమితం చేస్తారు, లేదా అందరితో తెగతెంపులు చేసుకోమన్నట్టు లాగుతారు. అలా తెగతెంపులు చేసుకోవాలంటే లోకం వదిలి పోవాల్సిందేనని 1 కొరింథీయులకు 5:10.

ఇలాంటి చోట్ల పక్కన మరో అనువాదం ఉండాలి. యూవర్షన్ బైబిల్ యాప్‌లో పాత అనువాదంతో పాటు ఐఆర్‌వి (ఇండియన్ రివైజ్డ్ వెర్షన్) తెలుగు కూడా ఉచితం. వచనం ఎంచుకుని రెండూ పోల్చుకోవచ్చు. ఐఆర్‌వి వాడుక భాషకు దగ్గర, కానీ కంఠస్థానికి ఆ లయ లేదు.

కొనేటప్పుడు రిఫరెన్సులున్న (సంబంధమున్న వేరే వచనాలు చూపించే) ముద్రణే తీసుకోండి. షాపులోనే మధ్యలో రెండు మూడు చోట్ల పేజీ నంబర్లు వరుసగా ఉన్నాయో లేదో చూడండి. కుట్టులో ఫారం (కలిపి మడిచిన పేజీల కట్ట) తప్పిపోతే ఇంటికొచ్చాక తెలిసి లాభం లేదు. పలచని కాగితం, జెల్ పెన్ను అవతలికి దిగుతుంది, రంగు పెన్సిలే మేలు. మొత్తం 1189 అధ్యాయాలు. రోజుకు మూడు, ఆదివారం ఐదు చదివితే ఏడాదిలో పూర్తవుతుంది.

అడిగిన హిందూ స్నేహితుడికి ఇవ్వాలనుకుంటే మాత్రం ఇది వద్దు. వాడుక భాషలో ఉన్న మార్కు సువార్త ఒక్కటి చాలు, పదహారు అధ్యాయాలు.