రొయ్యల గుంటల మధ్య పదిహేడేళ్లు తిరిగిన కారు: ఎఫ్‌సీ (ఫిట్‌నెస్ సర్టిఫికెట్) చేయించి వాడుతున్నవాడి అనుభవం

నా చిన్న పెట్రోల్ కారు 2008 సెప్టెంబర్‌లో నెల్లూరులో రిజిస్టర్ అయింది, ఏపీ 26 నంబరు. అప్పట్నుంచీ విడవలూరు వైపు రొయ్యల గుంటల గట్ల మీదే దాని బతుకు. వెనక సీట్లో మేత బస్తాలు, డిక్కీలో తడి వలలు, మ్యాట్ల కిందికి కారే ఉప్పునీళ్లు. ఇంజన్ మాత్రం నన్నెప్పుడూ దారిలో నిలబెట్టలేదు. ఇబ్బందంతా తుప్పుతోనూ తేదీలతోనూ.

సొంత కారుకి ఆర్సీ 15 ఏళ్లే. 2023లో గడువు దగ్గరపడేసరికి అమ్మేద్దామనుకున్నా. వచ్చినవాళ్లు పాత ఇనుము రేటు చెప్పారు. ఒళ్లు మండి రెన్యువల్‌కే వెళ్లా. గడువుకి 60 రోజుల ముందు నుంచే అప్లై చేసుకోవచ్చు. ఫీజు 5,000, లేటైతే నెలకి 500 అదనం, గ్రీన్ ట్యాక్స్ వేరే. ఒక ఏజెంట్ "బండి తేనక్కర్లేదు సార్, నేను చూసుకుంటా" అన్నాడు. చూడకుండా ఇచ్చే ఎఫ్‌సీ నేనేం చేసుకోను? అందులో తిరిగేది నా పిల్లలు కదా.

బండి చూపించే ముందురోజు మెకానిక్ దగ్గరికి తీసుకెళ్లా. డ్రైవర్ వైపు మ్యాటు ఎత్తి స్క్రూడ్రైవర్‌తో పొడిచాడు. మెత్తగా దిగిపోయింది. "ఏంది సార్, కింద రోడ్డు కనపడతా ఉంది!" అన్నాడు. రేకు కోసి వెల్డింగ్ పెట్టించి, అడుగున కోటింగ్ కొట్టించా. తర్వాత ఛాసిస్ నంబరు పెన్సిల్ ప్రింట్ తీయబోతే ఒక అంకె మూడో ఎనిమిదో తెలియలేదు. పెట్రోల్ గుడ్డతో తుడిచి, ఎమ్రీ పేపర్‌తో మెల్లగా రుద్ది, తెల్ల కాగితం అంటించి పెన్సిల్ అడ్డంగా రాస్తే నాలుగోసారికి ఎనిమిది తేలింది. ఆ కాగితం ముక్కని చెక్కు కంటే భద్రంగా దాచుకున్నా.

బ్రేక్ ఇన్‌స్పెక్టర్ చూసింది పది నిమిషాలు. లైట్లు, ఇండికేటర్లు, వైపర్, హారన్, టైర్లు, బ్రేకు. నేను అంత ఖర్చు పెట్టించిన ఫ్లోర్ వైపు తొంగి కూడా చూడలేదు. నంబరు ప్లేటు మూలనున్న పెంచలకోన స్వామి స్టిక్కర్ మాత్రం తీసేయమన్నారు. స్వామిని డ్యాష్‌బోర్డు మీదికి మార్చా. ఆర్సీ 2028 దాకా వచ్చింది.

అక్కడితో అయిపోయిందనుకోవడం నా పొరపాటు. పొల్యూషన్ సర్టిఫికెట్ అందరికీ ఏడాది అనుకుంటాం. అది బీఎస్-4 (పొగ ఎంత వదలొచ్చో చెప్పే ప్రమాణం) నుంచి ఆ పైవాటికి. నాలాంటి పాత బండికి ఆరు నెలలే. ఒకసారి కావలి దగ్గర హైవే మీద ఆపారు. డిజిలాకర్‌లో ఆర్సీ, ఇన్సూరెన్స్ దర్జాగా చూపించా. ఆపినాయన బండి నంబరు కొట్టి చూసి, తొమ్మిది రోజుల క్రితమే పొల్యూషన్ అయిపోయిందన్నారు. చట్టంలో దీనికి జరిమానా 10,000 దాకా ఉంది. ఎంత కట్టానో ఇంట్లో ఇప్పటికీ చెప్పలేదు. అప్పట్నుంచి సంక్రాంతి ముందొకటి, జూలైలో ఒకటి చేయిస్తున్నా. ఒకచోట సైలెన్సర్‌లో గొట్టం పెట్టకుండానే కాగితం చేతిలో పెట్టబోయారు. పెట్టి చూడమని నేనే అడిగా. రీడింగ్ బాగానే వచ్చింది, ఆ సంతోషం వేరు.

ఇన్సూరెన్స్ థర్డ్ పార్టీ ఒక్కటే కడుతున్నా. 1000 సీసీ లోపు కారుకి 2,094, పైన జీఎస్టీ. గుద్దితే అవతలివాళ్లకే, నా డొక్కుకి పైసా రాదు. ఈ ధరకి పోయే బండికి అది చాలనిపించింది. కానీ ఈ కాగితం లేకుండా మాత్రం గేటు దాటొద్దు. మొదటిసారి దొరికితేనే 2,000 జరిమానా.

రోజుకి ఇరవై, ముప్పై కిలోమీటర్లు తిరిగేవాళ్లకి, నమ్మకమైన మెకానిక్ ఉన్నవాళ్లకి పాత కారు రెన్యువల్ లాభమే. చెన్నై, హైదరాబాద్ తిరిగేవాళ్లయితే వద్దు. 20 ఏళ్లు దాటిన కారుకి రెన్యువల్ ఫీజు 2025లో 10,000 చేశారు కాబట్టి 2028లో మళ్లీ లెక్క వేసుకోవాలి. మొన్న ఎడమవైపు మ్యాటు ఎత్తి నేనే స్క్రూడ్రైవర్‌తో పొడిచి చూశా. ఇంకా దిగలేదు.